కారణం వెతకడమే ధమ్మం: దారిలో వేడెక్కిన వ్యాన్

  

విజయదశమి దగ్గర పడగానే మన వాడల్లో నాగపూర్ ముచ్చట్లు మొదలవుతాయి. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన దీక్షాభూమిని కళ్లారా చూడాలని ఎవరికుండదు? రైల్లో చోటు దొరక్కపోతే తలా కొంత వేసుకుని ఓ పాత వ్యాన్ మాట్లాడుకుంటాం. హైదరాబాద్ నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. ముసలివాళ్లు, చంటిపిల్లలు అంతా అందులోనే. బ్యానర్‌కు, నీలిజెండాలకు, పూలదండలకు చందా లెక్కేస్తాం. మరి రేడియేటర్ పైపుకు ఎంత తీసిపెట్టాం? అడిగితే ఒక్కరూ నోరు విప్పరు.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. అప్పుడు లోపల్నించి మాటలు వినబడతాయి: "ఎవరి దిష్టి తగిలిందో!" "నిమ్మకాయ కట్టకుండా బయల్దేరాం కదా!" 22 ప్రతిజ్ఞలు పలికిన నోటితోనే ఈ మాట అంటే ఏమనుకోవాలి?

'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో బాబాసాహెబ్ తేటగా వివరించారు. ప్రతి సంఘటనకూ ఒక కారణం ఉంటుంది. అది మనిషి చేసిన పనిలోనో, ప్రకృతి నియమంలోనో ఉంటుంది. దేవుడి కోపం, దిష్టి వీటికి అందులో చోటు లేదు. ఈ వ్యాన్‌కూ అదే సూత్రం పెట్టి చూద్దాం.

ఇంజిన్ వేడిని కూలెంట్ మోసుకెళ్లి రేడియేటర్‌లో వదిలేస్తుంది. రబ్బరు పైపులు ఏళ్ల తరబడి వేడికి ఎండి పగులుతాయి. క్లిప్పులు వదులవుతాయి. వాటర్ పంపు సీలు అరుగుతుంది. రేడియేటర్ తుప్పు పట్టి చిల్లు పడుతుంది. ఇది ప్రకృతి నియమం. వ్యాన్ నిలిపిన చోట పచ్చటి చుక్కలో, ఎర్రటి చుక్కలో కనబడినా, తియ్యటి వాసన వచ్చినా, "పోన్లే, నీళ్లు పోస్తే సరి" అని నెలలు గడపడం మనిషి చేసిన పని. రెండూ కలిశాయి, ఆవిరి లేచింది. అంతే.

కారణం తెలిశాక చెయ్యాల్సింది కూడా తెలుస్తుంది. ముల్లు పైకి పోతుంటే ఏసీ కట్టేసి, పక్కకు ఆపి, ఇంజిన్ ఆపాలి. పిల్లల్ని రోడ్డుకు దూరంగా కూర్చోబెట్టాలి. తొందరపడి రేడియేటర్ మూత తియ్యొద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న నీళ్లు మూత తియ్యగానే ఎగజిమ్మి మొహం, చేతులు కాలుస్తాయి. కనీసం అరగంట, ముప్పావుగంట ఆగండి. పూర్తిగా చల్లారాకే మందపాటి గుడ్డ పట్టుకుని మెల్లగా తిప్పండి. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే ఇంజిన్ హెడ్ పగలొచ్చు.

తర్వాత తడి ఎక్కడుందో చూడండి. క్లిప్పు వదులైతే బిగించండి. పైపు చిన్నగా చీలితే తుడిచి ఆరబెట్టి రబ్బరు టేపు గట్టిగా చుట్టండి. మంచినీళ్లు నింపి, ముల్లు మీద కన్నేసి, దగ్గర్లోని మెకానిక్ దాకా మెల్లగా పోవచ్చు. రేడియేటర్‌లో పసుపు వేస్తే కారడం ఆగుతుందని కొందరంటారు. కాసేపు ఆగినా ఆగొచ్చు, సన్నటి గొట్టాలు మూసుకుపోతే కొత్త కష్టం. పెద్దలు చెప్పారని, నలుగురూ అంటున్నారని నమ్మొద్దని కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇక్కడా పనికొస్తుంది. ఇంజినాయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారినా, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వచ్చినా ఇక నడపొద్దు. వేరే బండి చూసుకోవాలి.

ఇంకో మాట. కూలెంట్ తియ్యగా ఉండే విషం. గుంటలో నిలిస్తే కుక్కలు నాకి చస్తాయి, పిల్లలు వేలు ముంచుతారు. మట్టి వేసి కప్పండి, మిగిలింది డబ్బాలో పట్టండి. ప్రాణహింస చెయ్యనన్న మొదటి శీలం కత్తి పట్టినప్పుడే కాదు, ఇక్కడా వర్తిస్తుంది.

డ్రైవరన్న సంగతీ ఆలోచించాలి. "వేడెక్కుతోందన్నా, కాస్త ఆపుదాం" అని ఆయనంటే, "సభకు లేటవుతుంది, పోనియ్" అని కసురుకునేది మనమే. బండి బాధ ఆయనకు తెలిసినట్టు మనకు తెలియదు. పని చేసేవాడి మాటకు విలువ లేని చోటును వదిలి వచ్చినవాళ్లం మనం. అదే పద్ధతి వ్యాన్లోకి మళ్లీ ఎక్కించుకుందామా?

అందుకే ఈసారి చందా రాసేటప్పుడు మొదటి పద్దు బండికే పెట్టండి. వారం ముందే మెకానిక్‌కు చూపించండి. రెండు క్యాన్ల నీళ్లు, కూలెంట్ డబ్బా, రెండు క్లిప్పులు, టేపు, స్క్రూడ్రైవర్ వెంట ఉంచుకోండి. ఒక దండ తగ్గితే బాబాసాహెబ్‌కు లోటేమీ లేదు. వ్యాన్లో ఎక్కిన ప్రతి తల్లీ, ప్రతి బిడ్డా క్షేమంగా ఇల్లు చేరాలి. చివరి ఘడియల్లో బుద్ధుడు భిక్షువులకు చెప్పింది కూడా అప్పమాదం గురించే, అంటే ఏమరుపాటు లేకుండా ఉండమనే. బయల్దేరే ముందు బానెట్ ఎత్తి చూడటం కూడా ఆ సాధనలో భాగమే.

జై భీమ్! నమో బుద్ధాయ!