పొరుగువాని గ్రంథమును గూర్చి మన సాక్ష్యము

ధ్యానభాగములు: నిర్గమకాండము 20:16, యోహాను 7:51



పొరుగువానిమీద అబద్ధసాక్ష్యము చెప్పరాదని పది ఆజ్ఞలలో తొమ్మిదవది మనకు నేర్పుచున్నది. అది కచేరీలో ప్రమాణము చేసి చెప్పు మాటలకే వర్తించునని మేమును చాలకాలము తలంచితిమి. అది తప్పని మాకు తెలియజేసినవారు పరుపులు కుట్టు ఒక ముసలి సాయిబుగారు.

ప్రొద్దుటూరులో ఒక ఆదివారము బైబిలు తరగతిలో మేము మాటలాడుచు, ముస్లిములకు యేసుప్రభువునందు గాని ఆయన తల్లియందు గాని గౌరవము లేదని ధారాళముగా చెప్పితిమి. ఎవరును అడ్డు చెప్పలేదు. ఆ మాట పిల్లల నోట వీధి దాటి ఆ పెద్దాయన చెవిని బడెను. మరునాడు మేము ఆ దారిని పోవుచుండగా ఆయన కోపపడలేదు. చేతులకంటిన దూది దులుపుకొని, "అయ్యగారూ, మా ఖురానులో మరియమ్మ పేరుతోనే ఒక సూరా ఉండాది. మీరు చదివినారా?" అని మాత్రము అడిగిరి.

మేము చదువలేదు. చదువకుండనే సాక్ష్యము చెప్పితిమి.

అటుతరువాత చదివితిమి. తెలుగువారికి అది అందని గ్రంథము కాదు. అనంతపురము కళాశాలలో ఉపన్యాసకులుగా నుండిన చిలుకూరి నారాయణరావుగారు స్వాతంత్ర్యమునకు మునుపే దానిని తెనిగించిరి. 1928లో మన సీమకు రాయలసీమ యను పేరు పెట్టినవారుగా చెప్పబడు పండితుడు ఆయనయే. ఆయన హిందువు. పొరుగువాని గ్రంథమును తెలిసికొనుటకు అతని మతములో చేరనక్కరలేదని ఆయన పని చూపుచున్నది.

ఖురానులో 114 సూరాలు గలవు. వాటిలో 19వది మర్యమ్ సూరా. కన్యయైన మరియకు కుమారుడు కలుగునను వర్తమానము అందులో నున్నది. ఆ గ్రంథమంతటిలో పేరుతో చెప్పబడిన స్త్రీ ఆమె యొక్కతెయే.

ఈ సూరాకు ఇస్లాము తొలి చరిత్రలో ఒక స్థానమున్నది. 615 ప్రాంతమున, మక్కాలో హింసింపబడిన ముస్లిములు కొందరు ఎఱ్ఱసముద్రము దాటి క్రైస్తవ రాజ్యమైన అబిసీనియాకు పారిపోయిరి. వారిని తమకప్పగించుమని మక్కావారు కానుకలతో దూతలను పంపిరి. ఆ దేశపు రాజు వారి మాట వినకుండ అప్పగింపనని ఆ శరణార్థులను సభకు పిలిపించెను. వారిలో జాఫర్ అనువాడు మర్యమ్ సూరాలోని భాగమును చదువగా రాజు కన్నీరు విడిచెనని ముస్లిము చరిత్రకారులు వ్రాసిరి. మరునాడు దూతలు వేరొక ఉపాయము పన్నిరి. వీరు యేసును గూర్చి ఘోరమైన మాట చెప్పుదురని రాజుతో పలికిరి. జాఫర్ తన ప్రాణమునకై మాట మార్చలేదు. యేసు దేవుని సేవకుడనియు, ప్రవక్తయనియు, కన్యయైన మరియకు అనుగ్రహింపబడిన దేవుని వాక్కనియు తమ విశ్వాసమును ఉన్నదున్నట్లు చెప్పెను. రాజు వారిని అప్పగింపలేదు.

ఆ రాజు చేసినదే నీకొదేము యూదుల సభలో అడిగినది. ఒకని మాట వినకముందు అతనికి తీర్పు తీర్చుట ధర్మశాస్త్రమునకు తగునా యని అతడు ప్రశ్నించెను. మా తరగతిలో అట్లడుగు నీకొదేము లేకపోయెను. మేమే ఆ నీకొదేమై యుండవలసినది.

అయితే కొందరు, అన్ని గ్రంథములును ఒకటే చెప్పుచున్నవని అందురు. అదియును అబద్ధసాక్ష్యమే. యేసు సిలువ వేయబడలేదని ఖురాను 4వ సూరా చెప్పుచున్నది. ఆయనను దేవుని కుమారుడనుటను అది అంగీకరింపదు. సిలువయు పునరుత్థానమును లేనియెడల మన ప్రకటన వ్యర్థమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఈ భేదము చిన్నది కాదు. దానిని కప్పిపుచ్చినయెడల మన ప్రభువును, మన పొరుగువానిని, ఇరువురిని తక్కువ చేసినవారమగుదుము.

చరిత్రను గూర్చియు అట్లే. తొలి నలుగురు ఖలీఫాలలో ముగ్గురు, 644లో ఉమర్, 656లో ఉస్మాన్, 661లో అలీ, హత్యకు గురియైరి. 680లో కర్బలాలో మహమ్మదు ప్రవక్త మనుమడైన హుసేన్ చంపబడెను. మన పల్లెలలో పీర్ల పండుగకు కులమతభేదము లేక చేరువారు స్మరించునది ఆ మరణమునే. ఈ సంగతులు చెప్పుట నింద కాదు. అయితే వాటిని చెప్పు నోటితోనే, 1099లో యెరూషలేమును పట్టుకొన్న సిలువ యోధులు అచ్చట చేసిన వధను కూడ చెప్పవలెను. పొరుగువాని రక్తచరిత్రను లెక్కించి మన దానిని దాచుకొన్నవారము కపట తూనికరాళ్లు వాడు వర్తకులము.

మరి సత్యమును, స్నేహమును ఒకేచోట ఎట్లు నిలుపవలెను? సమరయ స్త్రీతో ప్రభువు బావియొద్ద మాటలాడినప్పుడు, రక్షణ యూదులలోనుండి వచ్చునని దాపరికము లేక చెప్పెను. అట్లు చెప్పినవాడే ఆమెను నీళ్లడిగెను, ఆమె ఊరిలో రెండు దినములు బసచేసెను. భేదమును చెప్పుట ఆయన పొందుకు అడ్డు రాలేదు.

జమ్మలమడుగులో లండను మిషనువారు స్థాపించిన ఆసుపత్రి మన పెద్దలకు బాగుగా తెలిసినదే. గాయమును కట్టు చేతికి రోగి గ్రంథమేదో అడుగ పనిలేదు. నాలుక మాత్రము చేతికంటె కఠినముగా ఉండనేల?

తరువాతి ఆదివారము తరగతిలో మా తప్పు ఒప్పుకొంటిమి. పిల్లలు తెల్లబోయి చూచిరి. ఒక తల్లి, ఇట్లు చెప్పినయెడల పిల్లల విశ్వాసము సడలదా యని భయపడెను. అబద్ధముమీద నిలిచిన విశ్వాసము ఎన్నటికైనను సడలునని ఆమెతో చెప్పితిమి.

ఆ సాయంకాలము సాయిబుగారి అరుగుమీద కూర్చుంటిమి. సిలువను గూర్చి మేము నమ్మినది చెప్పితిమి, ఆయన నమ్మినది ఆయన చెప్పిరి. ఏకీభవింపలేదు. కాని ఆయన మా మాట మొదటినుండి కడవరకు వినిరి. అట్లు వినబడుట మాకు ఎంత ఆదరణగా నుండెనో, ఆదివారపు తరగతిలో ఆయనకు మేము నిరాకరించినది ఏమో అప్పుడు తెలిసినది.

మన నోటికి కావలియుంచుమని ప్రభువును వేడుకొందము. ఆమేన్.