ఇంటి టెలిఫోను – గృహస్థధర్మము

సౌకర్యము మన యింట అడుగు పెట్టునప్పుడు దానివెంట బాధ్యతయు వచ్చును. ఇది చదువరు లెల్లరు నెఱిగినదే. కాని సౌకర్యము పేరు మాఱక, లోపలి యేర్పాటు మాత్రము మాఱినచో, ఆ బాధ్యత యొకరి చేతినుండి మఱియొకరి చేతికి చప్పుడు లేక వచ్చి చేరును. అట్లు మనకు సంక్రమించిన భారమును తెలిసికొనకుండుట ధర్మమగునా? ఇంటి టెలిఫోను దృష్టాంతముగా నీ ప్రశ్నను విచారింతము.

మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882వ సంవత్సరమున నెలకొనెను. తరువాతి కాలమున మన యిండ్లకు వచ్చిన రాగితీగలు మాటనే గాక, ఆ మాట నడచుటకు వలయు విద్యుత్తును గూడ ఎక్స్ఛేంజినుండియే తెచ్చుచుండెను. అచటి 48 వోల్టుల బ్యాటరీలే యింటి యంత్రమునకు ప్రాణము. కావుననే ఇంట దీపము లాఱినను టెలిఫోను పలుకుచుండెడిది. తీగ తెగినప్పుడు అదియు మూగవోయెడిది. కాని తెగనంతవఱకు దానిని మేల్కొలిపి యుంచు భారము టెలిఫోను శాఖది, గృహస్థునిది కాదు.

నేడు పెక్కిండ్లకు వచ్చుచున్నది గాజుపోగు. ఇంటర్నెట్టును టెలిఫోనును ఆ యొక్క పోగుమీదనే వచ్చుచున్నవి. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించిననాడు, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును ఇంటింటికి నందింప సంకల్పించిరి. ఇది సామాన్య కుటుంబమునకు గొప్ప మేలు. దానిని మేము తక్కువ చేయము. కాని గాజుపోగు వెలుగును మోయును గాని విద్యుత్తును మోయదు. ఆ వెలుగును మరల మాటగా మార్చు పెట్టె మన యింటి కరెంటుమీదనే బ్రతుకుచున్నది. కరెంటు పోయిన క్షణమున పెట్టె ఆగును. దానితో టెలిఫోనును ఆగును.

"ప్రతివారి చేతను సెల్‌ఫోను ఉండగా నీ విచార మేల?" యని కొందఱు ప్రశ్నింతురు. సెల్‌ఫోను మనిషిది, మనిషి వెంట వెడలిపోవును. ఇంటి టెలిఫోను ఇంటిది. కొడుకును కోడలును ఉద్యోగములకు పోయిన పిదప ఇంట మిగులువారు చూపు మందగించిన అత్తగారు, ఏడేండ్ల బాలుడు, పనిచేయవచ్చిన స్త్రీ. చేతికి అలవాటైన మీటలుగల ఆ యంత్రమే వారికి దిక్కు. మఱియు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తుతోబాటు సెల్‌ఫోనులును పెక్కుచోట్ల మూగవోయెను. బలవంతునకు మార్గములు పెక్కు. బలహీనునకు ఒక్కటియే యుండును. ఆ యొక్కదానిని కాపాడుటలోనే కుటుంబముయొక్క ధర్మబుద్ధి తెలియును.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. బ్రిటనులో రాగితీగలను విడిచి కొత్త పద్ధతికి మార్చుచుండగా, ఒంటరి వృద్ధులు ఆపదలో సహాయమును పిలుచుకొను యంత్రములు కొన్ని పనిచేయకపోయెను. 2023 డిసెంబరులో ప్రభుత్వము కలుగజేసికొనగా, ఇష్టములేనివారిని మార్చుటను కంపెనీలు కొంతకాలము నిలిపివేసెను. అమెరికాలో 2015వ సంవత్సరమున చేసి, 2025 వఱకు అమలులోనుండిన నియమము ప్రకారము కంపెనీలు ఈ సంగతిని వినియోగదారునకు తెలుపవలసియుండెను. 8 గంటలు నడచు బ్యాటరీని కోరినవారికి అమ్మవలసియుండెను. ఆ నియమము భారమును గృహస్థునిపైననే యుంచినది. కాని దాచి యుంచలేదు. మా యభిప్రాయమున న్యాయమున కదియే మొదటి మెట్టు. భారమును మోపుట యెల్లప్పుడు నన్యాయము కాదు. తెలుపక మోపుట యన్యాయము.

అమ్మువాడు తెలుపనిచో గృహస్థుడు అడుగవలెను. "కరెంటు పోయినచో నీ టెలిఫోను ఎంతసేపు పనిచేయును?" అను ప్రశ్నకు నెల అద్దె ఎంతయను ప్రశ్నకంటె తక్కువ విలువ లేదు. పెట్టెకు వలయు విద్యుత్తు స్వల్పము. చిన్న బ్యాటరీ చాలును. ఒకనాడు మెయిను స్విచ్చి కట్టివేసి, ఇంట పెద్దవారిచేతనే టెలిఫోను చేయించి చూడవలెను. ఆపదలో పిలువవలసిన 112 అను అంకెను బాలురకును పనివారికిని నేర్పవలెను. వీధిలోని యంత్రము లాగినచో ఇవియు వ్యర్థమే యగును; అది మన చేతిలోనిది కాదు. కాని మన చేతిలోనిదానిని చేయకుండుటకు అది సాకు కారాదు. తెలియలేదనుట యొకనాటికి క్షమింపదగును. తెలిసికొన యత్నింపకపోవుట క్షమింపదగదు.