విమానంలో ఆరు గంటలు - ప్రయాణికుని సడలింపులు

హైదరాబాద్ (శంషాబాద్) విమానాశ్రయం నుండి జెద్దాకు ఆకాశమార్గాన సుమారు 4,100 కిలోమీటర్లు. నేరుగా వెళ్ళే విమానం ఆరు గంటలకు కాస్త అటూ ఇటూగా చేరుస్తుంది. 1995 వరకు ముంబయి రేవు నుండి ఓడల్లో వెళ్ళిన హాజీలకు సముద్రం మీదే రోజుల తరబడి గడిచేది. మరి మెత్తటి సీటు, చల్లటి గాలి, చేతికందే భోజనం ఉన్న ఈ ప్రయాణంలో కూడా నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును రెండుగా కుదించాలా? కష్టమే లేనప్పుడు సడలింపు తీసుకోవడానికి కొందరు సంకోచిస్తారు.

ఈ సందేహం కొత్తది కాదు. ఖస్ర్ నమాజును ప్రస్తావించిన దివ్యఖుర్ఆన్ ఆయతులో (4:101) శత్రుభయం మాట ఉంది. భయం తొలగిపోయాక ఇంకా కుదింపు ఎందుకని హజ్రత్ ఉమర్ (రజి) మహాప్రవక్త (సల్లం)ను అడిగారు. అది అల్లాహ్ మీకు చేసిన దానమనీ, దాన్ని స్వీకరించమనీ ఆయన సెలవిచ్చారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

అందుకే ధర్మశాస్త్ర పండితులు ఈ ఆదేశాన్ని కష్టానికి కాక ప్రయాణానికే ముడిపెట్టారు. కష్టాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరుంది? హనఫీ పండితులు మూడు రోజుల ప్రయాణాన్ని కొలతగా తీసుకున్నారు. మన దేశపు ఉలమాలు దాన్ని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. విమానానికి అది ఐదారు నిమిషాల దూరం! అయినా అందులో కూర్చున్నవాడు ప్రయాణికుడే. మే నెల ఎండలో ఊళ్ళోనే రోజంతా బస్తాలు మోసే హమాలీ మాత్రం ప్రయాణికుడు కాడు, నాలుగు రకాతులూ చదవాల్సిందే. ఒళ్ళు నిజంగా సహకరించకపోతే కూర్చొని చదివే వెసులుబాటు అతనికి వేరే ఉంది. పైకి ఇది అన్యాయంలా కనిపించవచ్చు. కానీ ఎవరి కష్టాన్ని వారే కొలుచుకొని నమాజు తగ్గించుకోవచ్చంటే, చివరికి నమాజు మిగులుతుందా?

రోజా విషయంలో ఇదే విమానం మనల్ని మరో వైపు నుండి పరీక్షిస్తుంది. రమజాన్‌లో ఇంట్లో సహరీ చేసి, సాయంత్రం 4 గంటల విమానం ఎక్కారనుకోండి. విమానం సూర్యుడి వెంట పడమరకు పరుగెడుతుంది. హైదరాబాద్‌లో ఆరున్నరకు పొద్దుగూకి ఇంటిల్లిపాదీ ఇఫ్తార్ చేస్తారు. మీ కిటికీలో మాత్రం సూర్యుడు ఇంకా వెలుగుతూనే ఉంటాడు. మన దేశపు సమయం ప్రకారం ఎనిమిదిన్నర దాటితే గాని అస్తమించడు, ఎత్తు వల్ల మరికొన్ని నిమిషాలు ఆలస్యం కూడా. చేతి గడియారం చూసి ఖర్జూరం నోట్లో వేసుకుంటే ఆ రోజా చెల్లదు. రోజాను రాత్రి వరకు పూర్తి చేయాలన్నది ఖుర్ఆన్ ఆదేశం (2:187), ఇన్ని గంటలని కాదు. తెల్లవారేటప్పటికి ఇంట్లోనే ఉన్నారు గనుక, ఆ రోజాను మధ్యలో విడవడం హనఫీ మజ్హబ్ ప్రకారం తగదు. ప్రాణం మీదికి వస్తే అది వేరే సంగతి. ప్రయాణంలోనే తెల్లవారిన రోజున మానుకొని, తర్వాత ఖజా చేసే అనుమతి ఉంది. ఓపిక ఉంటే పాటించడమే మేలు.

తిరుగు ప్రయాణంలో విమానం తూర్పుకు వస్తుంది, పగలు కురచవుతుంది. ఆ రోజు రెండు గంటల ముందే ఇఫ్తార్ చేసినవారిని, తగ్గిన గంటలు ఎప్పుడు పూరిస్తారని ఎవరూ అడగరు.