చంపబడినవాడు దయ్యమగునా?

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రములో సేలెము అను ఊరు కలదు (మన తమిళనాటి సేలము కాదు). అచ్చట హోవర్డు వీధి సమాధుల తోటయొద్ద గైల్సు కోరీ అను వృద్ధుని దయ్యము తిరుగుననియు, అది కనబడినయెడల ఊరికి కీడు మూడుననియు చెప్పుకొందురు. 1914 జూన్ 25న ఊరిలో గొప్ప అగ్నిప్రమాదము జరుగక మునుపు కూడ అది కనబడెనట.

ఈ కోరీ ఎవరు? 1692లో ఆ ప్రాంతమున మంత్రగత్తెల భయము పుట్టెను. ఫలానివారి రూపము వచ్చి మమ్మును గిల్లుచున్నదని కొందరు బాలికలు కేకలు వేయగా, మరెవరికిని కనబడని ఆ రూపమునే న్యాయాధిపతులు సాక్ష్యముగా పుచ్చుకొనిరి. 19 మందిని ఉరితీసిరి. సుమారు 80 ఏండ్ల కోరీ విచారణకు లోబడనందున, సెప్టెంబరు 19న అతనిమీద బరువైన రాళ్లు పేర్చి చంపిరి. మూడు దినములకు అతని భార్యయైన మార్తాను ఉరితీసిరి. మొదట ఆమెకు విరోధముగా సాక్ష్యమిచ్చినవారిలో ఈ భర్తయు ఒకడు. కావున అతనిని భక్తుడని పొగడుట మా ఉద్దేశము కాదు.

అయినను ఒక సంగతి మమ్మును విడువదు. లేని రూపమును నమ్మి మనుష్యుని చంపిరి. చంపిన పిమ్మట ఆ మనుష్యునే దయ్యమనిరి. రాళ్లు పేర్చినవారిని చూచి ఎవరును జడియరు, రాళ్లక్రింద నలిగినవానిని చూచి జడియుదురు!

హేబెలు రక్తము నేలనుండి మొఱ్ఱపెట్టెనని ఆదికాండము 4వ అధ్యాయములో చదువుదుము గదా. ఆ మొఱ్ఱ బాటసారులను బెదిరించుటకు కాదు, దేవునికే. దేవుడును హేబెలును గూర్చి కయీనునే అడిగెను. చేతబడి, బాణామతి అను అనుమానముచే మన పల్లెలలోను చంపబడినవారు కలరు. అట్టి చోట చింతచెట్టు దయ్యమును గూర్చి చెప్పుకొనుట సులభము. చెట్టుకు కట్టినదెవరని అడుగుటయే కష్టము.

సేలెము విషయములో ఆ ప్రశ్నకు తామే లేచి ఉత్తరమిచ్చినవారు కొందరుండిరి. 1697 జనవరిలో న్యాయాధిపతియైన సామ్యూలు సీవాలు, తాను వ్రాసిన ఒప్పుకోలును బోస్టను ఆలయములో కాపరి చదువుచుండగా, సభ యెదుట నిలుచుండెను. నేరము మోపిన బాలికలలో ఒకతెయైన ఆన్ పట్నం 1706లో సంఘము నెదుట క్షమాపణ వేడుకొనెను.

ఇక సంఘపు మాట. కాపరులమైన మాకు ఇదియే మిక్కిలి దగ్గరగా తగులును. కోరీ చావకమునుపే సేలెము సంఘము అతనిని వెలివేసియుండెను. ఉరితీయబడిన 71 ఏండ్ల రిబెక్కా నర్సునకును అట్లే చేసిరి. ఆ వెలి తీర్మానములను 1712లో కొట్టివేసిరి. అదే గందరగోళములో మరణశిక్ష పొంది, ఉరి తప్పించుకొనిన ఎలిసబెతు జాన్సను పేరుమీది నేరము మాత్రము 2022వ సంవత్సరము వరకు తుడిచివేయబడలేదు.