పిల్లినడిగి బయల్దేరామా?

పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టు అని సామెత. ఆ సామెత కట్టినవాళ్ళు మా వ్యాను చూసి ఉంటే పిల్లి ఒకటి కాదు, రెండని దిద్దుకుని ఉండేవాళ్ళు!

మాది శ్రీహరికోట. ఒకవైపు సముద్రం, ఒకవైపు పులికాట్ సరస్సు, నడుమ రాకెట్లూ మేమూ. మావారు ఆమధ్య ఒక పాత వ్యాను కొని, వెనక సీట్లు పీకించి, పరుపూ గ్యాస్ పొయ్యీ నీళ్ళ డబ్బా అమర్చారు. విదేశాల్లో ఇలాంటి బండ్లే ఇళ్ళుగా చేసుకుని ఊళ్ళు తిరుగుతారట. "హోటల్ గదుల కోసం దేవులాడక్కర్లేదు, పద" అన్నారు. పదమంటే సరా? ఎర్రోడూ, చుక్కీ ఏం కావాలి? అబ్బాయి చదువుకని చెన్నై వెళ్ళిపోయాక ఇంట్లో అలికిడంటే ఆ రెండే. వాటినీ ఎక్కించాం. పక్కింటావిడ గేటు దగ్గర నిలబడి, "ఏందక్కా, పిలకాయల్ని తీసకపొయ్యేట్టు పిల్లుల్ని తీసకపోతా వుండారే! అవి వస్తామన్యాయా?" అంది.

తను నవ్వుతూనే అంది. నాకు మాత్రం సూళ్ళూరుపేట దాటి, నాయుడుపేట దాటి, శ్రీకాళహస్తి చేరేదాకా ఆ మాట చెవిలోనే ఉంది.

కాళహస్తిలో స్వర్ణముఖి ఉత్తరంగా తిరిగి గుడి పక్కనుంచే పోతుంది. పేరుకు నదేగానీ మేం వెళ్ళినప్పుడు అంతా ఇసకే. ఏట్లో నీళ్ళుంటే కలంకారీవాళ్ళు బట్టలు ఆ పారే నీళ్ళలోనే జాడిస్తారు. ఆ బట్టని ముందు కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెడతారట. అందుకే కాబోలు, చుక్కి నేను కొన్న కలంకారీ దుప్పటిని గంటసేపు వాసన చూసింది. ఈ యాత్ర మొత్తంలో దానికి నచ్చింది అదొక్కటే.

ఎండలో పిల్లుల్ని బండిలో వదిలి ఇద్దరం వెళ్ళలేం గదా. అందుకని కిటికీలు తీసిపెట్టి ఆయన కాపలా ఉంటే నేను గుడికి, నేనుంటే ఆయన గుడికి. ఇరవై ఏళ్ళ కాపురంలో దంపతులం విడివిడిగా దర్శనం చేసుకోవడం అదే మొదలు. తొందర పెట్టేవాళ్ళు లేకపోతే ఆడది గుడిని ఎంత తీరిగ్గా చూడగలదో అప్పుడు తెలిసింది! 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన గాలిగోపురం 2010 మే నెలలో కూలిపోయింది. 2017లో కుంభాభిషేకం చేసిన కొత్తది అదే చోట నిలబడి ఉంది. దాన్ని తలెత్తి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో.

ఆ ఊరి పేరే మూడు మూగజీవాలది. శ్రీ అంటే సాలెపురుగు, కాళం పాము, హస్తి ఏనుగు. సాలీడు గూడు అల్లింది, పాము మణులు తెచ్చింది, ఏనుగు తొండంతో నీళ్ళు తెచ్చి అభిషేకం చేసింది. ఒకదాని పూజ ఒకదానికి గిట్టక పామూ ఏనుగూ ప్రాణాలే తీసుకున్నాయి. చిన్నప్పటి నుంచీ విన్న కథే. కానీ ఈసారి నాకు తట్టింది వేరే సంగతి. వాటిని అక్కడికి ఎవరూ తీసుకురాలేదు. తమంతట తాము వచ్చాయి.

మా ఊళ్ళో రోజూ వినబడే రాకెట్ల చరిత్రలో అలా తమంతట వచ్చిన జంతువు ఒక్కటీ లేదు. 1957లో రష్యావాళ్ళు మాస్కో వీధుల్లో దొరికిన లైకా అనే కుక్కని అంతరిక్షానికి పంపారు. తిరిగిరాదని తెలిసే పంపారు. దానికి శిక్షణ ఇచ్చిన శాస్త్రజ్ఞుల్లో ఒకాయన, గజెంకో, నలభై ఏళ్ళ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. 1963 అక్టోబరులో ఫ్రాన్సువాళ్ళు పిల్లినే పంపారు. పేరు ఫెలిసెట్. పావుగంట ప్రయాణం చేసి పారాచూట్‌తో ప్రాణాలతో దిగింది. దిగిన కొన్నాళ్ళకి మెదడు పరీక్షించడానికి వాళ్ళే చంపేశారు. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో దానికి విగ్రహం పెట్టారు. విగ్రహాన్ని చూసి ఆ పిల్లి ఏమనుకుంటుందండీ? దానికంటే మనవాళ్ళే నయం. గగనయాన్‌లో మనిషికన్నా ముందు పంపడానికి వ్యోమమిత్ర అని ఆడబొమ్మ రోబోని చేశారు. (అక్కడా ముందు ఆడదాన్నే పంపాలా అని మా ఆడవాళ్ళం నవ్వుకున్నాం, అది వేరే సంగతి.)

"మనం తీసుకొచ్చింది ప్రేమతో గదా, ప్రయోగానికి కాదుగా" అన్నారు మావారు. నిజమే. ప్రేమ ఉందిగనక అడగక్కర్లేదనే ధీమాయే నన్ను ఆలోచనలో పడేసింది. పెళ్ళయి ఈ దీవికి వస్తున్నప్పుడు "వస్తావా?" అని నన్నెవరూ అడగలేదు. ఉద్యోగం ఎక్కడుంటే కాపురం అక్కడే గదా! అడిగి ఉంటే రానని ఉండేదాన్నేమో. వచ్చాక ఈ గాలి, ఈ సరుగుడు తోపులు, చలికాలం పులికాట్‌లో దిగే రాజహంసలు, అన్నీ నావయిపోయాయి. ఇప్పుడు పొమ్మన్నా పోను. అయినా ఇష్టపడటం నేను చేసిన పనే గానీ అడక్కపోవడానికి సమాధానం కాదు. ఈమాట ఆయనతో అంటే, "ఇప్పుడడుగుతున్నా, వస్తావా?" అన్నారు వేళాకోళంగా. ఇరవై ఏళ్ళు ఆలస్యమైనా అడిగారు, సంతోషం.

పిల్లి నోరు తెరిచి చెప్పదు, నిజమే. కానీ చెప్పకుండా ఊరుకోదు కూడా. ఎర్రోడు ముందుసీటు వెనక ఎక్కి, లారీలనీ పశువులనీ ఊరిపెద్దలా పరకాయించి చూశాడు. ఏటి ఇసకలో తాడు కట్టి వదిలితే పొర్లి పొర్లి ఆడాడు, పెట్టిందల్లా తిన్నాడు. చుక్కి మాత్రం మంచం కిందికి దూరి, రెండు రోజులూ పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఇంటికొచ్చి తలుపు తీయగానే వంటింటి గట్టెక్కి, తన చోట తను పడుకుని, మావైపు వీపు తిప్పేసింది. ఇంతకన్నా ఎలా చెబుతుంది పాపం!

వచ్చేనెల గోదావరి చూద్దాం, రాజమండ్రి పోదామంటున్నారు మావారు. ఎర్రోడి బుట్ట దులిపిపెట్టాను. చుక్కి కోసం పక్కింటావిడకి తాళంచెవి ఇచ్చి, చేపముక్క ఏ వేళకి పెట్టాలో చెప్పాను. "తాళం సంగతి సరేగానీ, అది మీకోసం బెంగపెట్టుకుంటే?" అందామె. ఆ మాటా ఆలోచిస్తున్నాను. నాలుగు రోజులనుకున్న ప్రయాణాన్ని రెండుకి కుదించమని చెప్పాను. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.