అడుగు పడని చోట పూచిన పూలు

శనివారమునాడు వాడపల్లిలో నేల కనబడదు. గౌతమీ తీరమున వెలసిన వేంకటేశ్వరుని ఏడు శనివారములు దర్శింతుమని మ్రొక్కుకొన్నవారు వేలకొలదిగ వచ్చి ప్రదక్షిణములు చేయుదురు. అట్టి యూరిలో 2020 మార్చిలో గుడి తలుపులు భక్తులకు మూయబడినవి. ఆ నెల 25 నుండి దేశమంతట జనసంచారము నిలిచినది. మరల ఆలయములు తెరచుటకు అనుమతి వచ్చినది జూన్ 8న.

జనులు నిత్యము నడచు నేల గట్టిపడును. గాలియు నీరును లోనికి దిగవు. అందలి విత్తనము చావదు, అదను కొరకు వేచియుండును. అడుగుల తాకిడి తగ్గినచో గడ్డిచామంతి తల యెత్తును, పల్లేరు పచ్చని పూవు విప్పును, తొలకరికి తుమ్మి మొలచును. ఆ వసంతమున ఇంగ్లండులోను అంతే. పురపాలకులు బాటల యంచులందు గడ్డి కోయుట మానిన తావులలో అడవిపూలు విరివిగా పూచినవి.

తుమ్మి, ఉమ్మెత్త, జిల్లేడు: శివునకు ప్రియమని పెద్దలు చెప్పిన పూలు ఇవియే కదా! తోటమాలి పెంచినవి కావు, అంగడిలో వెల కట్టినవి కావు. వీనిని త్రొక్కుకొనుచునే మనము పూలకొట్టునకు పోవుచుందుము. గుడులు మూసిన దినములలోను లింగధారికి పూజ ఆగలేదు, అరచేతిలోని ఇష్టలింగమునకు తాళము లేదు. కావలసిన పూవు వాకిటనే యున్నది.

కాని మనుష్యుడు లేకున్న లోకము బాగుండునని ఆనాడు కొందరు పలికిన మాట బసవేశ్వరుని మార్గమునకు పొసగదు. కాయకమును కైలాసముతో సమముగ నిలిపిన మార్గమది. గౌతమికి ఆవలి దరిని కడియపులంక పూల అంగడి కలదు. పెండ్లిండ్లు లేవు, ఉత్సవములు లేవు, కొనువారు లేరు. చేతికి వచ్చిన పూలను రైతులు పారబోసికొనవలసి వచ్చినది. కోతకూలీలకు పనియు లేదు. బాటప్రక్క పూవు నవ్విన దినములలోనే పూలు పెంచినవాడు కన్నీరు పెట్టెను. ఒకదానిని చూచి మురిసి, రెండవదానిని చూడకున్న ఆ చూపు సగము చూపే. పొరుగింట పొయ్యి వెలుగక, తన యింట దాసోహము జరుగక, అరచేత పూవుంచినంతమాత్రమున పూజ యగునా?

పల్లేరు సంగతి వినుడు. ముల్లు గ్రుచ్చునని దానిని తిట్టుదుము. దాని కాయ పశువు గిట్టకో మన చెప్పునకో అంటుకొనియే దూరము పోవును. అడుగే లేకున్న దానికిని దారి లేదు. పూవునకు పగ మన నడకతో కాదు, చూడక వేయు అడుగుతోను, వేళగాని వేళ దూయు కొడవలితోను.

శనివారములు మరల నిండినవి, బాట మరల గట్టిపడినది. అంచులందు ఇంకను కొన్ని మొక్కలు కలవు. ఉత్సవమునకు ముందు ఊరు శుభ్రము చేయువారు కొడవలి దూయుటకు మున్ను, తుమ్మి గింజ రాలినదో లేదో వంగి చూచుటకు ఒక్క నిముసము పట్టును.