సుమతి గంప

కుష్ఠురోగి అయిన కౌశికుణ్ణి గంపలో మోసిన సుమతిని మనవాళ్లు యింకా ఆదర్శంగా చెబుతూనే వున్నారు. అక్కడ చెడింది వొళ్లు, మనిషి మారలేదు. పరంజా మీదనుంచి పడ్డ తాపీమేస్త్రి సంగతి అలా కాదు. నుదుటి వెనకనున్న మెదడు దెబ్బతింటే నడక, మాట తిరిగి రావచ్చు. నిగ్రహం, పనికి పూనుకునే చొరవ రాకపోవచ్చు.

1848లో అమెరికాలో రైలుమార్గం వేస్తుండగా ఫినియాస్ గేజ్ అనే మేస్త్రి తలగుండా ఇనపకడ్డీ దూసుకుపోయింది. బతికాడు. పూర్వపు మనిషి కాడని యెరిగినవాళ్లే అన్నారు. (తరువాత చిలీలో కొన్నేళ్లు గుర్రపుబండి తోలాడు, ఆ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.)

మరి భార్య యెవరికి బాధ్యురాలు? పెళ్లాడినవానికా, ఆస్పత్రినుంచి వచ్చినవానికా? తాత్త్వికులకిది చర్చనీయాంశం. ఆమెకు మాత్రం, అతను పొయ్యి ఆర్పాడో లేదో చూసుకోవలసిన పని. ‘తిరుగుతున్నాడుగా, బాగయినట్టే’ అంటారు వీధివాళ్లు. నాన్న కోపం మీ తప్పు కాదని పిల్లలకు చెప్పవలసింది ఆమే. కూలికి పోవలసిందీ ఆమే. ఆమె పోతే పెద్దపిల్ల బడి మాని కాపలా కూర్చుంటుంది.

1923 నాటి పరిహార చట్టం కూలివాని సంపాదనశక్తి యెంత తగ్గిందో లెక్కగట్టింది. భార్య మానుకున్న కూలిరోజులు ఆ లెక్కలోకి రాలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. తలదెబ్బకు విడిగా పేరు లేదు. యీ లోటు పూడ్చటానికే పాతివ్రత్యం పనికొస్తున్నది.

ప్రేమించమని యెవరినీ శాసించలేం. పరిచర్యను పంచుకోవచ్చు: అన్నదమ్ములు, యూనియను, ప్రభుత్వం. అతను చెయ్యిచేసుకుంటున్నప్పుడు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి పోయిన స్త్రీని, మొగుణ్ణి వొదిలేసిందంటున్నారు. అక్కణ్ణించి ఆమె రోజూ క్యారేజీ పంపుతున్నా సరే, అంటూనే వున్నారు.